ఆత్మకూరులో నా చెల్లెలు

ఆడమనిషి ఒక్కతే భోజనానికి వస్తే మా వైపు హోటళ్ళలో ఆమెను ఫ్యామిలీ రూంలో కూర్చోబెడతారు. వెంట ఫ్యామిలీ ఉందా లేదా అని ఎవరూ అడగరు. హాల్లో మగవాళ్ళ మధ్య కూర్చుంటే ఆమెకు ఇబ్బంది, చూసేవాళ్ళకు ఇబ్బంది అని వాళ్ళ ఉద్దేశం. నాకు ఏ ఇబ్బందీ లేదని మొదటిరోజే గట్టిగా చెప్పాను. ఆత్మకూరు బస్టాండు దగ్గరున్న ఆ శాకాహార హోటల్లో వడ్డించే పెద్దాయన నా మాట పూర్తిగా విని తలూపాడు. "అట్నే మేడం, లోపలికి రండి" అంటూ ఫ్యామిలీ రూం తలుపు తీసి పట్టుకున్నాడు.

హాల్లో సగానికి ప్లైవుడ్ గోడ కొట్టి చేసిన గది అది. ఆరు టేబుళ్ళు, మూలన పనిచేయని ఏసీ ఒకటి, దాని కింద పనిచేసే ఫ్యాను ఒకటి. ఆదివారం మధ్యాహ్నం అక్కడ ఎప్పుడూ గోలగానే ఉండేది. పిల్లలు అప్పడాల కోసం కొట్టుకుంటుంటే తల్లులు వాళ్ళను కసురుకుంటూ తాము తినడం మరిచిపోయేవాళ్ళు. తండ్రులు మాత్రం పప్పులో నెయ్యి తక్కువైందని మారు అడిగేవాళ్ళు. వాళ్ళందరి మధ్యా నాలుగు కుర్చీల టేబుల్ దగ్గర నేనొక్కదాన్నే అరిటాకు మీద నీళ్ళు చల్లుకుని కూర్చునేదాన్ని. ఇంతకంటే హాల్లో కూర్చోబెట్టినా బాగుండేది కదా, అక్కడ ఒక్కొక్కరే వచ్చి తిని పోయేవాళ్ళు చాలామంది ఉంటారు అని ప్రతివారం మనసులో ఆ పెద్దాయన మీద విసుక్కునేదాన్ని.

నేను ఉదయగిరిలో ఆడపిల్లల బళ్ళో లెక్కలు చెబుతాను. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని అడిగేవాళ్ళు కూడా విసిగిపోయి మానేశారు. అమ్మా నేనూ ఇరవై ఏళ్ళు ఒకే అద్దె ఇంట్లో ఉన్నాం. ఇద్దరికీ నోరు ఎక్కువే. ఉప్పు దగ్గర మొదలైన తగాదా ఫ్యాను స్పీడు దాకా పోయేది. అయినా అన్నం దగ్గర మాత్రం ఇద్దరం కలిసే కూర్చునేవాళ్ళం. అలిగిన రోజుల్లో కూడా ఒకరి ముఖం ఒకరు చూడకుండా ఎదురెదురుగా కూర్చుని తిన్నాం. అమ్మ పోయాక నేను వంట మానలేదు కానీ కూర్చుని తినడం మానేశాను. పొయ్యి గట్టు దగ్గరే నిలబడి, గిన్నెలోనే ఇంత కలుపుకుని, నాలుగు ముద్దలు మింగి చెయ్యి కడుక్కునేదాన్ని. ఆరు రోజులు బడి ఉంటుంది కాబట్టి ఎలాగో గడిచిపోయేది. ఆదివారం వస్తుందంటే నాకు భయం.

నేనుండేది మేడ మీద వాటా. కింద ఇంటివాళ్ళు ఆదివారం మధ్యాహ్నం గుడ్డ పరిచి, దాని చుట్టూ పదిమందీ చేరి తింటారు. ఉర్దూలో నవ్వులు, తెలుగులో తిట్లు, గిన్నెల చప్పుడు, అన్నీ కలిసి మెట్ల మీదుగా నా గదిలోకి వచ్చేవి. నేను మాంసం తిననని ఇంటామె నాకు వేరేగా అరటిపండ్లు, కీరా ముక్కలు పళ్ళెంలో పెట్టి పంపేది. మంచి మనిషి. కానీ ఆ పళ్ళెం చూస్తే నాకు ఆస్పత్రిలో ఉన్నట్టు ఉండేది.

ఊళ్ళో హోటల్లో తిందామా అంటే ఒకసారి ఆ ముచ్చటా తీరింది. నా దగ్గర చదివిన పిల్ల వాళ్ళ నాన్న అక్కడ వడ్డిస్తున్నాడు. "ఏంది టీచరమ్మా, ఒంట్లో బాగలేదా? వండుకోలేదా?" అని హాలంతా వినపడేట్టు అడిగాడు. మర్నాడు బళ్ళో అడుగుపెట్టేసరికి తొమ్మిదో తరగతి మొత్తం నాకు జ్వరమని నిర్ధారణ చేసుకుని కూర్చుంది. అందుకే ఆదివారం పొద్దున్నే బస్సెక్కి ఆత్మకూరు దాకా పోయి, ఎవరూ తెలియని చోట భోంచేసి, సాయంత్రానికి తిరిగి రావడం అలవాటు చేసుకున్నాను. ఒక్క పూట భోజనానికి అంత దూరమా అంటే, అవును, అంత దూరమే. బస్సులో కూర్చున్నంతసేపూ ఎక్కడికో పోతున్నాననే ధైర్యం ఉండేది.

ఇక చెల్లెలి సంగతి చెప్పాలి. స్టాఫ్ రూంలో నా పక్క కుర్చీ సైన్సు టీచర్‌ది. నాకంటే పదిహేనేళ్ళు చిన్నది. మనసు మంచిది, అదే నాకు వచ్చిన చిక్కు. అమ్మ పోయిన దగ్గర్నుంచీ శనివారం సాయంత్రం అయ్యేసరికి "రేపు మా ఇంటికి భోజనానికి రండి టీచర్" అనేది. రెండుసార్లు వెళ్ళాను. రెండోసారి వాళ్ళ ఆయన కొడుకుతో "ఒరేయ్, ఆంటీ ఒక్కతే ఉందిరా, పోయి పక్కన కూర్చో" అన్నాడు. వాడు ఆడుకునేది ఆపి, మూతి ముడుచుకుని వచ్చి నా పక్కన కూర్చున్నాడు. నాకు ఆ రోజు తిన్నది అరగలేదు. మూడోసారి పిలిచినప్పుడు, "ఆదివారాలు నాకు కుదరదమ్మా, ఆత్మకూరులో మా చెల్లెలు ఉంది, అక్కడికి పోతాను" అనేశాను.

నాకు చెల్లెలు లేదు, అక్క లేదు, అన్నదమ్ములు లేరు. నోట్లోంచి వచ్చింది కాబట్టి ఉందని అనుకోవాల్సి వచ్చింది. సోమవారం సైన్సు టీచర్ "మీ చెల్లెలు ఏం చేసి పెట్టింది?" అని అడిగితే హోటల్లో ముందురోజు తిన్నవి వరసగా అప్పజెప్పేదాన్ని. దోసకాయ పప్పు, బెండకాయ వేపుడు, సాంబారు, రసం, పెరుగు. ఒకసారి ఆమె "మీ చెల్లెలు ప్రతివారమూ సాంబారూ రసమూ రెండూ చేస్తుందా టీచర్? ఓపికే!" అంది. ఆ తర్వాతి వారం నుంచి రసం చెప్పడం మానేశాను.

ఆ హోటల్లో ఇంకొకామె నా ఎదుటికి వచ్చింది పెళ్ళిళ్ళ రోజుల్లో. ఆ ఆదివారం గది కిటకిటలాడుతోంది. పెద్దాయన ఒక మనిషిని వెంటబెట్టుకొచ్చి, "మేడం, ఈమెను గూడా ఈడ కూర్చోబెడతా. ఇద్దరూ ఆడోళ్ళే గదా" అన్నాడు. నేను అవునని గానీ కాదని గానీ అనకముందే ఆకు పరిచేశాడు. నలభై దాటిన మనిషి, సన్నగా ఉంది. తలకు నీళ్ళు పోసుకుని తడి జుట్టు ముడి వేసుకుంది. ఉతికిన చీర. చీర నుంచి సబ్బు వాసన, చేతుల నుంచి నిమ్మకాయ వాసన, ఆ రెండింటి కింద నుంచి చేపల వాసన. పుట్టి బుద్ధెరిగాక నేను చేప ముట్టలేదు. దాచడం ఎందుకు, ఆకు తీసుకుని ఇంకో చోటికి పోదామనే చూశాను. ఎక్కడా ఖాళీ లేదు.

"వాసనొస్తుండాదా అక్కా?" అని ఆమే అడిగింది. "మూడుసార్లు కడిగినా. నిమ్మచెక్కతో రుద్దినా. పోదిది."

లేదు లేదు అనబోయి ఆగాను. "వస్తోంది" అన్నాను.

ఆమె నవ్వింది. "పప్పులో నెయ్యి పోసినంక తెలవదులే."

నిజంగానే తెలియలేదు. నెయ్యి మహిమో, ఆమె మాట మహిమో నాకు తెలియదు.

ఊరి బయట చెరువు పక్క గుడిసెల్లో వాళ్ళ ఇల్లు. భర్తా, కొడుకూ వల వేస్తారు. ఆదివారం పొద్దున్నే ఆమె చేపలు తెచ్చి రోడ్డు పక్కన అమ్ముతుంది. ఒంటిగంటకంతా అమ్ముడైపోతే బస్టాండులో ఒళ్ళు కడుక్కుని, సంచిలో తెచ్చుకున్న వేరే చీర కట్టుకుని ఇక్కడికి వస్తుంది. చేపలమ్ముకునే మనిషివి, శాకాహారం హోటలుకు ఎందుకు వస్తావు అని అడిగాను. నా గొంతులో టీచరు పలికింది, నాకే తెలిసింది.

"ఇంట్లో తొమ్మండుగురం అక్కా. అందురికీ నేనే పెట్టాల. అందురూ తిన్నంక అడుగున ఏముంటే అది నాది. కూర్చోపెట్టి నాకు వడ్డించేవాళ్ళు ఉండేది ఈడ ఒక్కచోటే."

ఆ మాట విన్నాక ఆమె ఎలా తింటుందో గమనించాను. పెద్దాయన బకెట్టు పట్టుకుని వస్తుంటే ఆమె వెన్ను నిటారుగా పెట్టుకుని, చెయ్యి వెనక్కి తీసుకుని, గరిటెలో ఉన్నది పూర్తిగా ఆకులో పడేదాకా చూసేది. నేనైతే పప్పు గరిటె కనపడగానే "చాలు చాలు" అనేదాన్ని. ఆమె ఎన్నడూ అనలేదు. వడ్డించే మనిషి ఆగితే అప్పుడు తలూపేది.

మరుసటి వారం కూడా మమ్మల్ని ఒకే టేబులు దగ్గర కూర్చోబెట్టాడు, గది సగం ఖాళీగా ఉన్నా సరే. మూడో వారానికి మమ్మల్నిద్దర్నీ ఒక ఫ్యామిలీ కింద జమకట్టేశాడు. నేను ముందు వస్తే "మీ ఆమె ఇంకా రాలేదు మేడం, సీటు ఆపినా" అనేవాడు. ఆమె ముందు వస్తే ఆమెతో "మీ మేడం బస్సు లేటేమో" అనేవాడట. మేమిద్దరం అతని పొరపాటు సరిచేయలేదు. పేర్లు కూడా అడుక్కోలేదు. ఆమె నన్ను అక్కా అనేది, నేను అమ్మా అనేదాన్ని.

నేను తినడంలో మహా నెమ్మది. ఆమె పెరుగన్నం అయిపోయే వేళకు నేను సాంబారు దగ్గరే ఉండేదాన్ని. ఆమె ఆకు మడిచేది కాదు, లేచేది కాదు. ఎంగిలి చెయ్యి ఆకు మీద పెట్టుకుని కూర్చునేది.

"చెయ్యి ఎండిపోతుంది, పోయి కడుక్కో అమ్మా" అంటే, "ఒక బంతిలో కూర్చున్నంక ఒకరు తింటుండంగా ఎట్ట లేస్తారక్కా, తప్పు గదా" అనేది.

రెండు ఆకుల బంతి మాది. అమ్మ పోయాక నా కోసం ఆగిన మనిషిని నేను మళ్ళీ చూసింది అక్కడే. ఆమె ఆగుతుందని తెలిసి, సిగ్గు లేకుండా చెబుతున్నాను, కొన్నిసార్లు కావాలనే ఇంకా నెమ్మదిగా తిన్నాను.

ఆమెకు చెల్లెలి అబద్ధం గురించి చెప్పాను. ఇంకెవరికీ చెప్పలేదు. అన్నం పొలమారేంతగా నవ్వింది. "అయితే నేనే ఆ చెల్లెల్ని అనుకో పో. ఈ వారం నేనేం వండినానని చెప్తావు మీ టీచరమ్మకు?" ఆ తర్వాత కూర్చోగానే ఆకు వైపు చూసి, "ఏమక్కా, ఈ పొద్దు నేను వంకాయ కూరలో కారం ఎక్కువేసినట్టుండానే" అనేది. పెద్దాయన ఏమీ అర్థం కాక మా ఇద్దరి ముఖాలూ చూసేవాడు.

అట్లా నా అబద్ధానికి నెమ్మదిగా ప్రాణం వచ్చింది. స్టాఫ్ రూంలో చెల్లెలి గురించి చెప్పడానికి ఇప్పుడు నిజమైన సంగతులు ఉండేవి. చెల్లెలి కోడలికి నోరు తక్కువ, పని ఎక్కువ. చెల్లెలి మనవరాలు పలక మీద ఒకటి నుంచి ఇరవై దాకా రాసింది, పదమూడు మాత్రం తిరగేసి రాసింది. సైన్సు టీచర్ అన్నీ శ్రద్ధగా వినేది. "వాళ్ళేం చేస్తారు టీచర్?" అని ఒకసారి అడిగింది. "వ్యాపారం" అన్నాను. ఏం వ్యాపారమని అడిగేలోపు బెల్లు కొట్టారు. బతికిపోయాను అనుకున్నాను. ఎందుకు అలా అనుకున్నానో అప్పుడు ఆలోచించలేదు.

ఎండలు ముదిరిన ఒక ఆదివారం మేమిద్దరం పప్పు దగ్గర ఉన్నాం. ఆమె మనవరాలు ఇప్పుడు పదమూడు సరిగ్గా రాస్తోందని చెబుతోంది. ఫ్యామిలీ రూం తలుపు తెరుచుకుంది. సైన్సు టీచర్, వాళ్ళాయన, ఇద్దరు పిల్లలు. చేతుల్లో బట్టల కొట్టు సంచులు. నన్ను చూసి ఆమె ఆశ్చర్యపోయి నిలబడింది. నా చేతిలో ముద్ద అట్లాగే ఉండిపోయింది.

"ఏంది టీచర్, ఇక్కడున్నారు?" అని దగ్గరికి వచ్చింది. నా ఎదురుగా ఉన్న మనిషిని చూసింది. ముఖం విప్పారింది. "ఓ, ఈమేనా మీ చెల్లెలు? ఇద్దరూ బయట తిందామని వచ్చారా?"

అవునంటే అయిపోయేది. చెల్లెలిగా ఉంటానని ఆ మనిషి నాకు ఎప్పుడో చెప్పింది. పైగా ఆ క్షణంలో ఆమె వెన్ను నిటారుగా పెట్టుకుని, పవిట సర్దుకుని, పలకరిస్తే బదులు చెప్పడానికి సిద్ధంగా నవ్వుముఖంతో కూర్చుంది. నాకు ఆమె చేతుల మీద ఎండిపోయిన పొలుసు ఒకటి కనిపించింది. అంతకు ముందు ఎన్ని వారాలు కనిపించిందో, నేను చూసీచూడనట్టు ఉన్నానో తెలియదు. ఆ రోజు అదొక్కటే కనిపించింది.

"ఛ ఛ! ఈమెవరో!" అన్నాను. "సీటు లేకపోతే వచ్చి కూర్చుంది. మా చెల్లెలికి జ్వరం."

గదిలో మూడు టేబుళ్ళు ఖాళీగా ఉన్నాయి. సైన్సు టీచర్ వాటి వైపు చూసింది, నా వైపు చూసింది. "అయ్యో, జ్వరమా" అని, పిల్లలను తీసుకుని దూరంగా ఉన్న టేబులు దగ్గరికి పోయింది.

నా ఎదురుగా ఉన్నామె పప్పన్నం పూర్తి చేసింది. సాంబారు తెచ్చిన పెద్దాయనకు వద్దని చెయ్యి అడ్డం పెట్టింది. ఆమె వద్దనడం నేను చూడటం అదే మొదలు. ఆకు తన వైపుకు మడిచి, నేను ఇంకా తింటుండగానే లేచి వెళ్ళిపోయింది.

నేను కూర్చుని తిన్నాను. లేచి ఆమె వెనకాల పోలేదు. అవతల టేబులు నుంచి వాళ్ళు చూస్తున్నారు కాబట్టి రసం పోయించుకున్నాను, పెరుగు వేయించుకున్నాను, మామూలుగా తింటున్నట్టు కనబడటానికి నానా అవస్థా పడ్డాను. మర్నాడు స్టాఫ్ రూంలో సైన్సు టీచర్ "చెల్లెలికి ఎట్లా ఉంది?" అని అడిగింది. తగ్గిందని చెప్పాను. చెల్లెలు బతికి బట్టకట్టింది, మనిషి పోయింది.

తర్వాతి ఆదివారం ఆమె రాలేదు. ఆ పై ఆదివారమూ రాలేదు. పెద్దాయన రెండో ఆకు పరిచి, కాసేపు చూసి, మళ్ళీ ఎత్తి పెట్టుకునేవాడు. "మీ ఆమెకు ఒంట్లో బాగలేదా మేడం?" అని నన్ను అడిగాడు. ఇంటి మనిషిని కదా, నాకు తెలిసి ఉంటుందని అతని నమ్మకం. ఏమోనన్నాను. మూడో వారం అడగలేదు. నాకు ఆ గదిలో పిల్లల గోల భరించలేనంత పెద్దగా వినిపించింది. ఎవరో పాప నా టేబులు దగ్గర ఖాళీ కుర్చీ మీద బొమ్మ పెడితే, ఆ తల్లి తిట్టేలోపే నేనే కసిరాను. పాప ఏడ్చింది. అంత నీచమైన పని నేను బళ్ళో కూడా చేయలేదు.

నాలుగో ఆదివారం బస్సు దిగి హోటలుకు పోలేదు. చేపలమ్మే చోటు ఎక్కడని అడుగుతూ నడిచాను. యాభై రెండేళ్ళొచ్చాక మొదటిసారి చేపల దగ్గరికి నా కాళ్ళతో నేను వెళ్ళాను. రోడ్డు పక్క పట్టాలు పరుచుకుని ఐదారుగురు ఆడవాళ్ళు కూర్చున్నారు. స్టీలు తపేలాల్లో నీళ్ళు, నీళ్ళలో కదిలేవి, పట్టాల మీద కదలనివి. సంచులు పట్టుకుని జనం మూగి ఉన్నారు. ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకోబోయి మానేశాను.

ఆమె కత్తిపీట ముందు కూర్చుని చేప కోస్తోంది. తలెత్తి నన్ను చూసింది.

"ఏం కావాల మేడం?"

అందులో కోపం లేదు. ఉంటే బాగుండేది. నేను కోపాన్ని ఎదుర్కోగలను, బతుకంతా అదే చేశాను.

"చేపలకు రాలేదమ్మా. నీ కోసం వచ్చాను."

"గిరాకీ టయిం మేడం. చెప్పండి."

బస్సులో వస్తూ ఏమేమో కూర్చుకున్నాను. ఇన్నేళ్ళుగా పిల్లల చేత క్షమాపణలు చెప్పించుకోవడమే గానీ చెప్పిన అలవాటు లేదు. "ఆ రోజు నేను అట్లా అని ఉండకూడదు. తప్పయిపోయింది" అని మాత్రం అనగలిగాను.

ఆమె ముక్కలు కడిగి, కవర్లో వేసి, ఎదురుగా ఉన్నతనికి ఇచ్చింది. "తప్పేముండాది. మీవాళ్ళ ముందర మీకు కష్టమయింది. నాకు తెలవదా."

"మరి రావడం మానేశావే?"

"కోపానికి గాదు మేడం. ఆ పొద్దు ఇంటికి పొయ్యి కోడలితో చెప్పినా. రేపట్నుంచి అందురితో పాటే నాకూ పెట్టమ్మా, నేనూ కూర్చుంటా అని. అదేమో వెంటనే పెట్టింది. ఇన్నేండ్లూ నేను అడగలేదు, అంతే. మొదటిరోజు నాకే ముద్ద దిగలా. ఇప్పుడు బాగనే ఉండాది."

చెబుతుంటే ఆమె ముఖంలో సంతోషం దాగలేదు. నేను సంతోషించాలి. సంతోషించలేదు. నాకు అసూయ పుట్టింది. ఆమెకు కావలసింది ఆమె ఇంట్లోనే ఉంది, అడిగితే దొరికింది. నాకు కావలసింది మా ఇంట్లో ఎవరిని అడగను?

"ఈ ఒక్క ఆదివారం రామ్మా" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది. "ఈ ఒక్కరోజు."

పక్క పట్టా మీద కూర్చున్నామె మమ్మల్నిద్దర్నీ చూస్తూ ఉంది. "ఎవురు మే ఆమె?" అని అడిగింది.

ఆమె కత్తిపీట మీద నీళ్ళు పోసి కడుగుతూ, తలెత్తకుండానే చెప్పింది. "ఉదయగిరి టీచరమ్మ. ఆ హోటల్లో ఇద్దరం ఒకే టేబులు కాడ కూర్చోని అన్నం తినేవాళ్ళం."

అంతే. చుట్టరికం కలపలేదు, కాదని తోసేయలేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పింది. ఆ ఒక్క మాట ఆ రోజు నా నోటికి ఎందుకు రాలేదో ఇప్పటికీ నాకు తెలియదు. అది చెప్పడానికి అబద్ధం కూడా అక్కర్లేదు.

సంచి పట్టుకున్న ఇంకొకాయన వచ్చి నా పక్కన నిలబడ్డాడు. ఆమె తపేలాలో చెయ్యి పెట్టి ఒక చేపను పైకెత్తి చూపించింది. ఆ పని మధ్యలోనే నా వైపు తిరిగి, "పోయి తినండి మేడం. ఆలిశమైతే పప్పు అయిపోతాది" అంది.

పోయి తినలేదు. బస్టాండులో బల్ల మీద కూర్చుని, మొదటి బస్సు వదిలేసి రెండో బస్సెక్కాను. ఎందుకు వదిలేశానంటే, గిరాకీ అయ్యాక ఆమె ఒళ్ళు కడుక్కోవడానికి బస్టాండుకు వస్తుందేమో అనుకున్నాను. రాలేదు. ఇంటికి పోయి కడుక్కుని ఉంటుంది, ఇప్పుడు తొందరేముంది.

సోమవారం స్టాఫ్ రూంలో మేమిద్దరమే ఉన్నాం. సైన్సు టీచర్ పరీక్ష పేపర్లు దిద్దుతోంది. "చెల్లెలు బాగుందా టీచర్?" అంది, పేపర్ల నుంచి తల ఎత్తకుండా.

"నాకు చెల్లెలు లేదమ్మా" అన్నాను. "ఆత్మకూరులోనే కాదు, ఎక్కడా లేదు. నేను హోటల్లో తింటాను."

ఆమె ఎర్ర పెన్ను మూత పెట్టింది. ఆశ్చర్యపోతుందనుకున్నాను. పోలేదు.

"తెలుసు టీచర్. మీరు వెళ్ళడం మొదలుపెట్టిన కొత్తల్లోనే మా ఆయన పనిమీద ఆత్మకూరు పోయి చూశారు. మీరొక్కరే బస్సు దిగి హోటల్లోకి పోతున్నారని చెప్పారు. మీరు చెల్లెలని చెబుతున్నారు కదా, ఎందుకులే బాధపెట్టడమని నేను ఊరుకున్నా." దిద్దిన పేపర్లు ఒకచోట సర్దింది. "ఆ రోజు మీ ఎదురుగా ఆమెను చూసి ఎంత సంతోషం వేసిందో టీచర్. ఆమె మీ వైపు చూసి నవ్వుతూ ఉంది. హమ్మయ్య, ఈమెకు నిజంగానే ఎవరో ఒకరు ఉన్నారు అనుకున్నా. అందుకే పరిగెత్తుకుంటూ మీ దగ్గరికి వచ్చా."

బెల్లు కొట్టారు. సుద్దముక్క తీసుకుని ఎనిమిదో తరగతికి వెళ్ళాను. బోర్డు మీద తేదీ వేశాను. పిల్లలు పుస్తకాలు తెరుచుకుని, పెన్నులు పట్టుకుని నా వైపు చూస్తున్నారు. వాళ్ళ వైపు తిరగడానికి నాకు చాలాసేపు పట్టింది.